ఎవురి తట్ట వాళ్ళది

"చెయ్యి అడ్డమొస్తాండాదమ్మా," అన్నాడు ఫ్లెక్సు షాపాయన.

బాగేపల్లి బస్టాండు పక్క సందులో చిన్న షాపు. కంప్యూటరు తెర నిండా మా మేనత్త మొహం. ఆమె గుడిబండెలో కన్నుమూసి అప్పటికి తొమ్మిది రోజులు. వైకుంఠ సమారాధన నాడు ఇంటి ముందు కట్టడానికి ఫ్లెక్సు వేయించుకు రమ్మని తమ్ముడు నన్ను పంపాడు. ఇల్లంతా వెతికితే ఆమె ఫోటోలు మూడు దొరికాయి. రేషను కార్డుది ఒకటి, ఆధారుది ఒకటి, ఎవరి పెళ్ళిలోనో వెనక వరసలో సగం తల ఒకటి. మూడింటిలోనూ కెమెరా వాడి మీద కోపంగా ఉన్నట్టే ఉంది. నవ్వుతున్నది ఒకటే, మా అమ్మాయి ఫోనులోది. రెండేళ్ళ కిందట బెంగళూరులో ఒక ఇథియోపియా హోటల్లో తీసింది. అందులో అత్త కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది. చేతిలో ముద్ద, ముద్ద మీద చీర కొంగు. ఫోటో అంచున నా చెంప. నేను మొహం తిప్పుకుని ఉన్నాను.

"ఈ చెయ్యి తీసేసి దండం పెట్టే చేతులు పెడదామా? నా తావ శానా ఉండాయి," అన్నాడాయన. రకరకాల చేతులు తెర మీద వరసగా చూపించాడు. గాజులున్నవి, గాజులు లేనివి.

ఆలోచించుకోండమ్మా అని ఆయన ఇంకెవరిదో పుట్టినరోజు ఫ్లెక్సు తెరిచి పనిలో పడ్డాడు. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ చేతి గురించే ఆలోచించాను. ఆ చెయ్యి నన్ను పెంచింది. ఆ చెయ్యే ఒకరోజు ఒక టిఫిను డబ్బాను మూడుసార్లు కడిగింది.

అత్త పెళ్ళైన మూడేళ్ళకే పుట్టింటికి తిరిగొచ్చేసింది. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే నన్నూ తమ్ముణ్ణీ సాకింది ఆమే. నాన్న పగలు బడి మేష్టరు, పొద్దునా సాయంత్రం కొండ కింది గుళ్ళో పూజ. కాబట్టి ఇంట్లో రాజ్యం అత్తది. ఆ రాజ్యానికి చట్టం ఒకటే, ఎంగిలి. గడప దాటి లోపలికి వచ్చిన ఎవరికైనా ఆమె మొదటి పలకరింపు "బాగుండావా" కాదు, "చెయ్యి కడిగినావా?" నాన్నకైనా, నాకైనా, జనాభా లెక్కలు రాసుకోవడానికి వచ్చిన ఆఫీసరుకైనా అదే. ఆ ఆఫీసరు పాపం కడుక్కునే వచ్చాడు.

చెంబును పెదవికి ఆనించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తు నుంచి నీళ్ళు గొంతులోకి జార్చుకునేది. ఒక్క చుక్క జాకెట్టు మీద పడేది కాదు. వంట చేస్తూ రుచి చూసేది కాదు. చారు మరుగుతుంటే గరిటెతో తీసి మళ్ళీ పోసి, ఆ పడే ధార చూసి "ఉప్పు చాల్లేదు" అనేది. ఎట్లా తెలుస్తుందని అడిగితే "చేతికి తెలుస్తాది" అనేది. జామకాయను కొరికేది కాదు, గడపకేసి కొట్టి పగలగొట్టేది. తను తినే ఇత్తడి కంచం, మా దిక్కు తట్ట అంటాం, వేరే, దాన్ని బోర్లించే చోటు వేరే. మేము చిన్నప్పుడు తమ్ముడి కంచంలోంచి నేనొక అప్పడం ముక్క తీసుకున్నా వంటింట్లోంచి ఆ మాట వినపడేది. "ఎవురి తట్ట వాళ్ళది పాపా." కంటికి కనపడకుండానే ఎట్లా పసిగట్టేదో ఇప్పటికీ తెలియదు.

ఆ చట్టంలో ఆమే రెండు సందులు ఉంచుకుంది. ఒకటి కాకెంగిలి. పిల్లలందరికీ తెలిసిన మోసమే అది. బెల్లం ముక్క మీద చీర కొంగు కప్పి, పైనుంచి పళ్ళతో పటుక్కుమని కొరికి, సగం నా చేతిలో పెట్టేది. పళ్ళు గుడ్డకు తగిలాయి కదా, బెల్లానికి ఎంగిలి అంటలేదని లెక్క. అంత పట్టింపు మనిషి ఆ ఒక్క ఆట మాత్రం నాతో ఆడేది. నాకది ఆమె ఇచ్చిన పెద్ద మినహాయింపులా ఉండేది, గర్వంగా ఉండేది.

రెండోది హోటళ్ళు. బయటి మెతుకు ముట్టేది కాదు. కానీ చిక్కబళ్ళాపురం పోయినప్పుడల్లా బస్టాండు ఎదురుగా హోటలు ముందు నిలబడి, పెనం మీద దోశ పోయడం కళ్ళార్పకుండా చూసేది. బస్సు పోతుందని నేను గుంజితే "ఉండు, తిరగేస్తాండాడు" అనేది. "మడి కదా అత్తా" అని ఎగతాళి చేస్తే "చూసేదానికి మడి అడ్డం రాదులే" అనేది. నేను కాలేజీలో చేరాక వారం వారం ఇంటికొస్తే, గుంజకు ఆనుకుని కూర్చుని ఒకటొకటిగా అడిగేది. "ఈ వారం యాడ తిన్నావు? ఎట్లుండె? పులుపు తగుల్తాండెనా? మెత్తగానా, గట్టిగానా?" నేను చెబుతుంటే ఆమె గొంతు మింగడం కనపడేది. నాకప్పుడు జాలి వేసేది. ఇంత ఆశ పెట్టుకుని కూడా నేమం తప్పదు కదా, ఎంత గట్టి మనిషి అనుకునేదాన్ని. ఆ అనుకోవడం మీదే నా జీవితం సగం నడిచింది.

కాలేజీలో నాకొక స్నేహితురాలు, రత్న. పాతపాళ్యం పిల్ల. వాళ్ళ నాయనకు మెట్ట పొలం, వేరుశనగ, కందులు. రత్న నవ్వితే లెక్చరరు పాఠం ఆపి ఆమె ఆగేదాకా కాచుకునేవాడు. చిక్కబళ్ళాపురం కాలేజీలో మూడేళ్ళూ మేమిద్దరం ఒకే డబ్బాలో తిన్నాం. ఆ సంగతి అత్తకు చెప్పలేదు. నేను నియమం తప్పుతున్నానని తెలుసు, తప్పు చేస్తున్నట్టు మాత్రం ఎన్నడూ అనిపించలేదు. ఇద్దరికీ మైసూరులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ సీటు వచ్చింది. మా నాన్న రెండు రోజులు గుళ్ళోనూ ఇంట్లోనూ పచార్లు చేసి చివరికి ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. "ఆ పిల్ల తోడుంటే పంపిస్తా. ఒంటిగా పంపేది లేదు."

హాస్టల్లో ఇద్దరికీ ఒకే గది కావాలంటే ఇద్దరూ ఒకే అర్జి మీద సంతకం పెట్టాలి. ఆ అర్జి పట్టుకుని రత్న గుడిబండె వచ్చింది. వాళ్ళమ్మ అలసంద వడలు చేసి డబ్బాలో పెట్టి పంపింది. మధ్యాహ్నం అరుగు మీద కూర్చున్నాం. మధ్యలో డబ్బా, రెండు చేతులు. అలవాటు కొద్దీ నేను మా ఇంట్లో ఉన్నాననే మరిచిపోయాను.

అత్త ఎప్పుడు వచ్చి నిలబడిందో తెలియదు. ఒక తడిగుడ్డతో ఆ డబ్బాను పట్టుకుని పెరట్లోకి నడిచింది. మిగిలిన వడలు వేపచెట్టు కింద కుమ్మరించింది. చింతపండు, బూడిద వేసి డబ్బాను ఒకసారి తోమింది. నీళ్ళు పోసింది. మళ్ళీ తోమింది. మళ్ళీ నీళ్ళు పోసింది. అరుగు మీద నుంచి పెరడు తిన్నగా కనపడుతుంది. మూడోసారి తోముతుంటే రత్న నవ్వడానికి ప్రయత్నించి మానేసింది. అత్త అక్కడి నుంచే అంది, "పాపా, తల మీద నీళ్ళు పోసుకోని రా. ఆ పిల్లను బయట తొట్టి కాడ చెయ్యి కడుక్కోమను."

రత్న లేచి పెరట్లోకి పోయి, నీళ్ళు కారుతున్న డబ్బాను తనే తీసుకుంది. వాకిలి దగ్గర నా కోసం ఆగింది.

"నువ్వేం అనవా?" అని అడిగింది.

"మా అత్త మనసు చెడ్డది కాదు రత్నా. ఆమె నేమం అట్లాంటిది. నా ఎంగిలి కూడా ఆమె ముట్టుకోదు," అన్నాను.

"నీ ఎంగిలి సంగతి అడగలే నేను," అంది రత్న. వెళ్ళిపోయింది. అర్జి అరుగు మీదే ఉంది, మీద చిన్న రాయి బరువు పెట్టి. అందులో ఆమె పేరు, సంతకం, ఊరు అన్నీ నింపి ఉన్నాయి. నా గడులు ఖాళీగా ఉన్నాయి.

రత్న మైసూరు పోయింది, వేరే అర్జి పెట్టుకుని. నాకు తోడు లేదు కాబట్టి నాన్న పంపలేదు. చింతామణిలో బీఈడీ చేశాను, అక్కడే హైస్కూల్లో సైన్సు టీచరునయ్యాను, అక్కడే పెళ్ళి. చెడ్డ జీవితమేమీ కాదు. రత్న ఒక ఉత్తరం రాసింది. గదిలో రెండో మంచం ఇంకా ఖాళీగానే ఉందని. జవాబు రాయలేదు. ఏమని రాయాలి? మా అత్త నిష్ఠ గల మనిషి, నువ్వే అర్థం చేసుకోవాలి అని నా మనసులో గట్టిగా ఉండేది. అత్త తన ఆశలన్నీ చంపుకుని ఆ నియమాన్ని మోస్తుంటే, నేనొక స్నేహాన్ని వదులుకోలేనా అనుకున్నాను. అట్లా పాతికేళ్ళు అనుకున్నాను.

రెండేళ్ళ కిందట అత్త కంటికి ఆపరేషను అయ్యాక, బెంగళూరులో డాక్టరుకు చూపించి తీసుకొస్తున్నాం. మా అమ్మాయికి అక్కడే ఉద్యోగం. మధ్యాహ్నం భోజనానికి హెణ్ణూరు దిక్కు ఒక హోటలు ముందు కారు ఆపించింది. నేను కంగారు పడలేదు. నా సంచిలో అత్త కోసం పెరుగన్నం డబ్బా, ఆమె చెంబు సిద్ధంగా ఉన్నాయి. అట్లా మోయడం నాకు అలవాటు.

"యా దేశం వాళ్ళది?" అని అడిగింది అత్త.

"ఇథియోపియా, అవ్వా. రాగులు మొదట పుట్టింది ఆ దిక్కేనంట."

"అట్లయితే చుట్టాలే," అని అత్త నాకంటే ముందు లోపలికి నడిచింది.

హోటలు నడిపేది ఒక ఇథియోపియా ఆవిడ. చదువుకోవడానికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిందట. కన్నడం ముక్కలు ముక్కలుగా వచ్చు. ముందు ఒక కూజా, పళ్ళెం తెచ్చి, మా చేతుల మీద తనే నీళ్ళు పోసింది. అత్త నా వైపు తిరిగి, "చూసినావా, అడగకుండానే కడిగిస్తాండాది," అంది. మొదటి మార్కులు అక్కడ పడ్డాయి. తర్వాత బుట్టలా అల్లిన బల్ల మీదికి బండి చక్రమంత పళ్ళెం వచ్చింది. దాని నిండా పరిచిన ఒకే ఒక పెద్ద దోశ, బూడిద రంగులో, ఒళ్ళంతా చిల్లులతో. ఇంజెరా అంటారట. మూడు రోజులు పులియబెట్టిన పిండి. దాని మీదే కుప్పలు కుప్పలుగా పప్పు, ఆకుకూర, క్యాబేజి, బీట్రూటు. మాంసం, పాలు తగలనిది, వాళ్ళు ఉపవాసం నాడు తినే వంట అని మా అమ్మాయి ముందే చెప్పి చేయించింది. చెంచాలు లేవు. వేరే కంచాలు లేవు. అందరూ ఆ ఒక్క పళ్ళెంలోనే చేతులు పెట్టాలి.

నేను లేచాను. అత్త లేస్తుంది, ఆమెను పట్టుకోవాలి అని. అత్త లేవలేదు. కుడిచేత్తో అంచు నుంచి ఒక ముక్క చింపి, పప్పులో అద్ది నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్ళు మూసుకుంది.

"పులుపు తగుల్తాండాది," అంది.

ఆ తర్వాత ఆమెను ఆపేవాళ్ళు లేరు. మా అమ్మాయి వేళ్ళు పెట్టిన చోటే ఆమె వేళ్ళూ పెట్టింది. హోటలావిడ వచ్చి, మా దేశంలో ఇష్టమైన వాళ్ళకు చేత్తో ముద్ద తినిపిస్తాం, ముద్ద ఎంత పెద్దదైతే ప్రేమ అంత పెద్దది అని చెప్పి, పెద్దావిడ కదాని మొదటి ముద్ద అత్తకే పెట్టింది. మా అత్త నోరు తెరిచింది. ఎనభై ఏళ్ళు ఇంకొకరి వేలు తన పెదవికి తగలనివ్వని మనిషి, పేరు తెలియని ఒకావిడ వేళ్ళ చివర్ల నుంచి ముద్ద అందుకుని తల ఊపింది. "ఇంగువ వేసి ఉంటే ఇంకా బాగుండు," అని సలహా కూడా చెప్పింది.

మా అమ్మాయి కాఫీ గింజలు వేయించడం చూడటానికి ఆవిడ వెంట పోయింది. నేను మళ్ళీ కూర్చున్నాను గానీ పళ్ళెంలో చెయ్యి పెట్టలేదు.

"తిను పాపా. బాగుండాది."

"అందరి చేతులూ పడిన తట్ట అత్తా ఇది."

"నాకు కండ్లు లేవా? ఇప్పుడే కదా బాగు చేయించుకొచ్చినాం."

"మరి ఎంగిలి?"

"ఏం ఎంగిలిలే. ఊర్లో నలుగురు చూస్తాంటారని పట్టుకున్నాం. ఈడ ఎవురుండారు చూసేదానికి?"

నేను వదల్లేదు. "రత్న డబ్బా మూడుసార్లు కడిగినావే. ఆ పొద్దు ఎవురు చూస్తాండారత్తా?"

మరిచిపోయి ఉంటుందనుకున్నాను. మరవలేదు. ఇంకో ముక్క చింపుతూ నిదానంగా చెప్పింది. "పాతపాళ్యం పిల్ల. బాగా నవ్వుతాండె. అది ఎంగిలి కాదు పాపా. నువ్వు మైసూరు పోతే మళ్ళా గుడిబండెకు వస్తావా? నాకెవురుండారు? మీ నాయన నా మాట వినేటోడు కాదు. ఆ పిల్ల రాకుంటే నువ్వూ పోవని నాకు తెలుసు. డబ్బా కడిగితే చాలనుకున్నా. సరిపాయె."

సరిపోయింది. అంత తేలిగ్గా అంది. పశ్చాత్తాపం లేదు, గొప్పా లేదు. చారులో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టే చెప్పింది. నా బాధ ఆమె నాకు అబద్ధం చెప్పినందుకు కాదు, నన్ను ఇంట్లో కట్టేసుకున్నందుకు కూడా కాదు. ఒంటరి మనిషి, భయపడింది, అర్థం చేసుకోగలను. కానీ వాకిలి దగ్గర నేను రత్నకు చెప్పిన మాట ఉంది కదా, ఆమె నేమం అట్లాంటిది అని. నా స్నేహితురాలి కళ్ళలోకి చూసి నేను వెనకేసుకొచ్చిన ఆ నేమం అసలు లేనే లేదు. లేని దాని కోసం నేను రత్నను పోగొట్టుకున్నాను. అది నన్ను కాల్చింది. ఇప్పటికీ కాలుస్తూనే ఉంది.

అత్త పెద్ద ముద్ద కలిపింది. నా నోటి దాకా తెచ్చింది. నేను నోరు తెరవలేదు.

"అలిగినావా?" అంది. నా మొహం చూసి, ఎడమచేత్తో కొంగు లాగి ముద్ద మీద కప్పింది. "సరే, కాకెంగిలి అనుకో. ఇప్పుడు తిను."

ఆరేళ్ళ పిల్లను బుజ్జగించినట్టు నవ్వింది. నేను మొహం తిప్పుకున్నాను. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి కాఫీ దగ్గర నుంచి తిరిగి, "అవ్వా, ఇట్ల చూడు," అని ఫోటో తీసింది.

ఆ ముద్ద అత్తే తినేసింది. నేను వేరే ప్లేటు అడిగి, సంచిలోంచి ఆమె పెరుగన్నం తీసి పెట్టుకుని, మంచినీళ్ళు ఎత్తి పోసుకుని తాగాను. ఆ హోటల్లో ఆరోజు మడి పాటించింది నేనొక్కదాన్నే.

గుడిబండెకు తిరిగొచ్చాక అత్త మళ్ళీ తన ఇత్తడి తట్ట, తన చెంబు, "చెయ్యి కడిగినావా?" అన్నీ మామూలే. ఒకసారి తమ్ముడి భార్య ఎదురుగా "ఎవురి తట్ట వాళ్ళది" అని గదమాయించి, నా వైపు చూసి కన్ను గీటింది. నాతో కలిసి ఒక తమాషా దాచుకున్నట్టు. ఆ రెండేళ్ళూ నేను ఫోనులో మందులు వేసుకున్నావా అని మాత్రమే అడిగాను. "కోపమా పాపా?" అని రెండుసార్లు అడిగింది. లేదన్నాను. నేనూ అబద్ధం నేర్చుకున్నాను. రత్న కోసం వెతకలేదు. దొరికితే ఏం చెప్పాలి? నిన్ను అవమానించింది ఆచారం కోసం కూడా కాదంట, నన్ను పోనీకుండా చేసేదానికంట అని చెప్పాలా?

"ఏం చేద్దామమ్మా?" అని షాపాయన మళ్ళీ అడిగాడు.

"చెయ్యి ఉండనీప్పా. పక్కన నా మొగం ఉండాదే, అది తీసెయ్."

సమారాధన నాడు ఇంటి ముందు ఫ్లెక్సు కట్టారు. కన్నడంలో భావపూర్ణ శ్రద్ధాంజలి, కింద తమ్ముడి పేరు, నా పేరు. వచ్చిన వాళ్ళందరూ దాని ముందు ఒక నిమిషం నిలబడ్డారు. నాగరగెరె నుంచి వచ్చిన మా చిన్నాయన కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరగా చూశాడు.

"చేతిలో ఏముండాదమ్మా?" అని నన్నడిగాడు.

నిజం చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు. పక్కనే పందిట్లో ఆకులు వేస్తున్నారు. అత్త మడి గురించే అందరూ మాట్లాడుకుంటున్నారు. నోరు తెరిచాను.

"ప్రసాదం చిన్నాయనా," అన్నాను. "ఎవురికో ఇస్తాండాది."

"కొంగుతో పట్టుకోని ఇస్తాండాది చూడు, చెయ్యి తగలకుండా," అన్నాడాయన. "పోటోలో కూడా మడి తప్పలే మా అక్క." ఫ్లెక్సుకు రెండు చేతులూ జోడించి, చేతులు కడుక్కోవడానికి తొట్టి వైపు వెళ్ళాడు.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఫోటో అంచున నా చెంప ఉండాల్సిన చోట షాపాయన నీలం ఆకాశం, నాలుగు తెల్ల మబ్బులు అతికించాడు. అత్త నవ్వుతూ ఆ మబ్బులకు ముద్ద పెడుతోంది.